ఒక్కపొద్దు గిన్నె

నాలుగేళ్ల కిందట రామసుబ్బమ్మ తన మగ్గం గుంతలో తానే ఇరుక్కుపోయింది.

జమ్మలమడుగు మగ్గాల వీధిలో ఆమెను అందరూ జేజి అంటారు. మనవలు పిలిచే పిలుపు వీధంతా పాకిపోయి, ఆఖరికి ఆమె కంటే రెండేళ్లు పెద్దదైన పాలామె కూడా పొద్దున్నే వచ్చి జేజీ అనే కేకేస్తుంది.

గుంత మగ్గం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నేలలో మోకాళ్లు మునిగేంత గుంత ఉంటుంది. నేసే మనిషి దాని గట్టున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తుంది. నేసిన బట్ట చుట్టుకునే దోనె, అంటే అడ్డంగా ఉండే లావుపాటి కొయ్య, సరిగ్గా పొట్ట ముందర ఉంటుంది. జేజి పద్దెనిమిదో ఏట ఆ ఇంటి కోడలై వచ్చి గట్టున కూర్చున్నప్పుడు, దోనెకూ ఆమెకూ మధ్య ఒక పిల్లి పడుకునేంత చోటు ఉండేదట. దోనె తన చోటు నుంచి ఎన్నడూ కదల్లేదు. జేజి మాత్రం ఏటేటా కాస్త కాస్త ముందుకొచ్చింది.

ఆ ఏడు ఆమె మగ్గం మీదున్నది మామూలు చీర కాదు. వీధి గుళ్లో చౌడమ్మకు ఉగాదినాడు కట్టే చీర. చేతి మగ్గాలు ఇంకా ఆడుతున్న ఇళ్లు ఆ వీధిలో నాలుగే మిగిలాయి కాబట్టి వంతు నాలుగేళ్లకొకసారి వస్తుంది. ఇంకా రెండు మూరలు నేయాల్సి ఉండగా మధ్యాన్నం కూటికి లేవబోయిన జేజి లేవలేకపోయింది. పొట్ట దోనె కిందికి దిగి పట్టుకుంది. మొగుడు ఓబులేసు వెనక నుంచి చంకల కింద చేతులేసి లాగాడు. ఆయన పడుగు దారంలాంటి మనిషి. ఆయన లాగితే ఆయనే ముందుకొచ్చాడు. చివరికి నలుగురు మగవాళ్లు చేరి, దోనె ఊడదీసి, జేజిని బయటికి తీశారు. మోకాలు బెసికింది. మంచం మీద పడుకోబెట్టారు.

అమ్మవారి చీర మొదలుపెట్టాక మగ్గం ఆగకూడదు, ఆడమనిషే నేయాలి. అందుకని ఎదురింటి సోమక్క వచ్చి జేజి మగ్గంలోనే కూర్చుంది. సోమక్క సన్నటి మనిషి, నోరు మాత్రం వెడల్పు. గుంతలో అటూ ఇటూ చూసి, "చోటు శానా ఉండాది వదినా ఈడ, ఇద్దరం కూర్చోవచ్చు" అనింది. మిగిలిన రెండు మూరలూ ఆమే నేసింది. మంచం మీద పడుకున్న జేజికి తన మగ్గం చప్పుడు తనకే వినబడుతూ ఉంది, తొక్కే కాలు మాత్రం తనది కాదు. ఆ రోజు జేజి గోడ వైపు తిరిగి పడుకుంది. సంగటి కూడా తినలేదు. ఇంట్లోవాళ్లు అసలు భయపడింది ఆ సంగటి సంగతికే.

ఆ తర్వాత ఆమె మళ్లీ గుంతలోకి దిగలేదు. మామూలు చీరలు ఓబులేసు నేస్తుంటే, అరుగు మీద కూర్చుని దారం కండెలకు చుట్టేది. మోకాళ్లు, షుగరు, ఆయాసం ఒకదాని వెంట ఒకటి చుట్టాల్లా వచ్చి ఇంట్లోనే తిష్ట వేశాయి. నూటా పద్దెనిమిది కిలోలయ్యాక, కర్నూలులోని ఒక ఆసుపత్రిలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ తప్ప దారి లేదన్నారు. జేజి భయపడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె డాక్టరును ఒక్కటే అడిగింది: ఇది చేయించుకుంటే నేను మగ్గంలో కూర్చోవచ్చా అని. డాక్టరుకు గుంత మగ్గం ఏమిటో తెలియదు. ఓబులేసు నేల మీద చతికిలబడి, కాళ్లు ఆడిస్తూ, చేతులతో గాలిలోనే ఒక చీర నేసి చూపించాడు. అంతా చూసి, ఆపరేషన్ మా పని, తర్వాతది మీ పని, అది సరిగ్గా జరిగితే ఉగాదికి కూర్చోవచ్చు అన్నాడు డాక్టరు.

శ్రావణంలో ఆపరేషన్ అయింది. తర్వాతి పని ఏమిటో చెప్పింది జీవమ్మ. ఆ ఆసుపత్రిలో ఏం తినాలో, ఎలా తినాలో చెప్పే అమ్మాయి, ఆలూరు పిల్ల. జేజి పొట్ట ఇప్పుడు కోడిగుడ్డంత సంచి అనీ, రోజుకు ఐదుసార్లు పిడికెడు పిడికెడు తినాలనీ, పప్పూ గుడ్డూ ముందు, సంగటి తర్వాత అనీ, ప్రతి ముద్దా ఇరవై ఐదుసార్లు నమలాలనీ, తినేటప్పుడు నీళ్లు తాగకూడదనీ, తిన్న అరగంటకు గానీ ముట్టకూడదనీ, మాత్రలు బతికున్నన్నాళ్లూ మానకూడదనీ చెప్పింది. ఆఖరున వేలు చూపించి మరీ చెప్పింది: "అమ్మా, తీపి జోలికి పోవద్దు. ముందైతే తీపి నీ పొట్టలో కూర్చుని నిదానంగా దిగేది. ఇప్పుడు అది నేరుగా పేగులోకి దుంకుతాది. గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఒళ్లంతా వణుకుతాది."

జేజి తల ఊపింది. అన్నింటికీ తల ఊపడం ఆమెకు అలవాటే.

ఇంటికొచ్చాక మనవరాలికి చిన్నప్పుడు ఉగ్గు పెట్టిన స్టీలు గిన్నె వెతికి తీశారు. చెంచా కూడా దానిదే. ఒకప్పుడు పొద్దున ముంతెడు బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు, మధ్యాన్నం రెండు సంగటి ముద్దలు ఊరిబిండి పచ్చడితో, సాయంత్రం ఎర్రకారం దోశలు తిన్న మనిషి, ఆ గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చూసేవాళ్లకు నవ్వాగేది కాదు. మొదట్లో నీళ్లలాంటి పప్పుకట్టు, పలచటి మజ్జిగ. తర్వాత మెదిపిన పప్పు. నెలన్నరకు ఉడికిన గుడ్డు, నిమ్మకాయంత సంగటి. ఆ నిమ్మకాయను చూసి జేజి, ఇది దిష్టి తీయడానికా తినడానికా అని అడిగింది.

నమలడం దగ్గర శానా కష్టపడింది. పుట్టినప్పటి నుంచీ సంగటిని మింగిందే గానీ నమిలింది లేదు. సంగటి నమలడమేంటి, వింటే రాయలసీమలో పరువు పోతుంది అని గొణిగేది. చివరికి తనకు తెలిసిన దారే పట్టుకుంది. మగ్గంలో పోగు మోసే నాడె కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పోయినట్టు ముద్దను దవడల మధ్య నడిపించింది. గట్టున కూర్చున్నట్టే కాలి వేళ్లు కూడా కదిలేవి. ఓబులేసు తిని, చేయి కడుక్కుని, బీడీ కాల్చుకుని వచ్చినా ఆమె ఇంకా మూడో ముద్ద నేస్తూనే ఉండేది.

నీళ్లకు కూడా ఒక ఉపాయం కనిపెట్టింది. జేజి చేతిలో రెండు కండెలు నిండితే సరిగ్గా అరగంట. తినగానే రాట్నం దగ్గర కూర్చునేది. నీళ్ల చెంబు ఎదురుగా పెట్టుకుని, దాన్ని పగవాడిని చూసినట్టు చూస్తూ, రెండు కండెలు పూర్తయ్యాకే గుటక వేసేది. పొద్దున్నే పెన్న ఒడ్డు దాకా నడక. మొదట్లో నాలుగిళ్ల అవతల కూలబడేది. దసరాకు ఒడ్డు చేరింది. ఒడ్డు చేరిన రోజు దారిన పోయేవాళ్లందరినీ ఆపి మరీ చెప్పింది.

అన్నీ ఇంత బుద్ధిగా జరిగాయని కాదు. ఒకనాడు ఓబులేసు మగ్గం వెనక దాక్కుని బజ్జీలు తింటుంటే వాసన పట్టి, ఒకటి లాక్కుని నమలకుండా మింగింది. అది రొమ్ముల మధ్య మేకులా దిగబడింది. గంటసేపు గోడ పట్టుకుని కక్కుకుంది. ఇంకోనాడు దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేసరికి, లావు తగ్గి బోడిదాన్నైతే ఏం లాభమని ఏడ్చింది. జీవమ్మకు ఫోన్ చేస్తే, మూడో నెలలో అందరికీ రాలుతాయి, మళ్లీ వస్తాయి, నువ్వు పప్పూ గుడ్డూ మానొద్దు అని చెప్పింది. గాజులు వదులయ్యాయి. రవికెలు రెండుసార్లు కుట్టించుకుంది. రాత్రి పడుకునే ముందు దోనె ముందు నిలబడి, పొట్టకూ దానికీ మధ్య చేయి పెట్టి చూసుకునేది. ఎవరైనా చూస్తే దుమ్ము తుడుస్తున్నట్టు నటించేది.

అయితే వీధి పెద్ద, పెద్ద ఈరన్న, ఉగాది చీర వంతును అప్పటికే సోమక్క ఇంటికి మార్చాలని అనుకుంటున్నాడు. పోయినసారి మగ్గం ఆగిన ఇల్లు, పైగా కడుపు కోయించుకున్న మనిషి, మళ్లీ మధ్యలో ఆగితే అమ్మవారికి ఏం చెప్పాలని ఆయన బాధ. ఆ మాట జేజి చెవిన పడింది. ఆ పూట ముద్దను నలభైసార్లు నమిలింది.

కార్తీక సోమవారం గుళ్లో పానకం పంచారు. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసిన చల్లటి పానకం. మూడు నెలలుగా నాలుకకు తీపి తగలని మనిషి. ప్రసాదం వద్దనకూడదు, ఒక్క గుక్కే కదా అనుకుంది. ఆ గుక్క గ్లాసు అడుగు దాకా పోయింది.

పావుగంట కూడా కాలేదు. గుండె మగ్గంలా దడదడ కొట్టుకుంది. చెమటలు కారాయి. కాళ్లూ చేతులూ వణికాయి. కళ్లు తేలిపోతుంటే స్తంభం పట్టుకుని ఊగింది, కొప్పు విడిపోయింది. జీవమ్మ చెప్పింది చెప్పినట్టే జరుగుతోందని జేజికి లోపల తెలుస్తూనే ఉంది. నోరు మాత్రం పెగల్లేదు.

అది చూసిన సోమక్క అమ్మవారు పూనిందనుకుంది. ఆమె అనుకున్నాక వీధి అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది? డప్పులు మొదలయ్యాయి. జేజి చేతిలో వేపమండ పెట్టారు, నుదుట కుంకుమ అద్దారు, సోమక్కే నెత్తిన పసుపునీళ్లు పోసింది. చల్లటి నీళ్లు తగిలి కాస్త హాయనిపించి జేజి ఇంకొంచెం ఊగింది. సోమక్క జేజి కాళ్ల మీద పడి, కొడుక్కి పెళ్లెప్పుడవుతుందని అడిగింది. ఆమె వెనకే మిగతావాళ్లు వరుస కట్టారు. పెద్ద ఈరన్న తువ్వాలు నడుముకు కట్టి వంగి, చీర వంతు మార్చాలనుకోవడమే తప్పయింది తల్లీ, ఆ మగ్గం మీదే నేయిస్తాం, శాంతించు అన్నాడు. పానకం దిగిపోయేసరికి జేజి నిజంగానే శాంతించింది.

ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి చీర ఆమెదైపోయింది. నాలుగేళ్లుగా ఏది కావాలనుకుందో అది నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఊరుకుంటే సరిపోయేది. ఓబులేసు కూడా ఊరుకోమనే అన్నాడు. జేజి వారం రోజులు ఊరుకుని చూసింది. వీధిలో పోతుంటే ఆడవాళ్లు కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటున్నారు. ముందు ఆమె లావు చూసి తప్పుకునేవాళ్లు, ఇప్పుడు భక్తితో. ఏదైనా తప్పుకోవడమేగా అనిపించింది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. మూడు నెలలు బుద్ధిగా నమిలిన నమలుడుకు రాని వంతు, ఒక్క గ్లాసు తప్పుకు వచ్చింది. ఆ వంతు మీద కూర్చుని నేస్తే ఆ చీర తను నేసినట్టా, పానకం నేసినట్టా?

ఎనిమిదో రోజు సాయంత్రం పెద్ద ఈరన్న ఇంటికి పోయింది. సోమక్క కూడా అక్కడే ఉంది. జేజి కూర్చోకుండానే చెప్పింది.

"మామా, ఆ పొద్దు నా మీదికొచ్చింది అమ్మవారు కాదు. బెల్లం పానకం. తాగొద్దని చెప్పినా తాగినా. తప్పు నాది."

సోమక్క ముఖం కందగడ్డయింది. "అంటే నేను మొక్కింది పానకానికా వదినా?"

"నువ్వు నీళ్లు పోసినందుకే నేను బతికినా సోమక్కా. దండం నేనే పెట్టాల నీకు" అనింది జేజి.

పెద్ద ఈరన్న మీసం దువ్వుకున్నాడు. ఇంత మాట వచ్చి చెప్పినందుకు వంతు తీసేయనన్నాడు. అయితే ఒక కట్టడి ఉంది. అమ్మవారి చీర మగ్గం మీద ఉన్న ఇరవై ఒక్క రోజులూ నేసే మనిషి ఒక్కపొద్దు ఉండాలి, రోజుకు ఒక్కసారే తినాలి. నువ్వేమో రోజుకు ఐదుసార్లు తింటావని విన్నా, మరి ఎట్లా అని అడిగాడు.

జేజి ఇంటికొచ్చి జీవమ్మకు ఫోన్ చేసింది. ఒక్కపొద్దు మాటే ఎత్తొద్దని, పిడికెడంత పొట్టలో ఒక్కసారి ఎంత పెడతావని, కళ్లు తిరిగి గుంతలో పడితే నీ చీర ఎవరు నేస్తారని జీవమ్మ గట్టిగానే కోప్పడింది. ఉపవాసం ఉంటే ఆరోగ్యం పోతుంది, ఉండకపోతే చీర పోతుంది. ఆ రాత్రి జేజి నిద్రపోలేదు. తెల్లారి లేచి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత వచ్చిన సోమవారం పెద్ద ఈరన్నకే ఒక్కపొద్దు. పొద్దంతా ఏమీ ముట్టడు, సాయంత్రం దీపం పెట్టాక తింటాడు. ఆయన ఆకు ముందు కూర్చునే సమయానికి జేజి ఓ పళ్లెం కొంగు కింద పెట్టుకుని సరిగ్గా దిగింది. ఆయన ఆకులో రెండు సంగటి ముద్దలు, అన్నం గుట్ట, గుట్ట మీద గుంట చేసి పప్పు, వంకాయ కూర, అలసంద వడలు ఆరు, ఒక బెల్లం ఓళిగ, పక్కన చెంబుడు మజ్జిగ. జేజి ఎదురుగా కూర్చుని తన పళ్లెం ఆ ఆకు పక్కన పెట్టింది. నిమ్మకాయంత సంగటి, గరిటెడు పప్పు, కార్తీకమని గుడ్డుకు బదులు గుప్పెడు ఉడికిన అలసందలు, చిన్న గిన్నెడు పెరుగు.

"మామా, నేను ఐదు పూటలూ కలిపి తినేది ఇది. నువ్వు ఒక్కపొద్దులో తినేది అది. ఎవరిది ఉపాసమో నువ్వే చెప్పు."

ఓళిగ మీదికి పోయిన ఈరన్న చేయి ఆకు అంచున ఆగింది. ఆయన పళ్లెం చూశాడు, ఆకు చూశాడు, మళ్లీ పళ్లెం చూశాడు. లోపల నుంచి ఆయన పెళ్లాం నవ్వు వినబడింది. ఆమె నలభై ఏళ్లుగా ఆ ఆకు వడ్డిస్తోంది మరి.

"నీదే ఉపాసం మే" అన్నాడు చివరికి. "ఇంక ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దు. పడుగు పంపిస్తా, ఎక్కించుకో."

ఎత్తొద్దన్న సంగతి ఆ రాత్రికే జమ్మలమడుగు దాటి మైలవరం దాకా పోయింది. జేజి ఎవరికీ చెప్పలేదు. ఓబులేసుకు మాత్రమే చెప్పింది. అది చాలు.

ఫాల్గుణంలో పడుగు ఎక్కింది. ఎర్ర ఒళ్లు, పసుపు అంచు. మంచి గడియ చూసి జేజి గట్టున కూర్చుని కాళ్లు గుంతలోకి వదిలింది. వీధి సగం గుమ్మంలో ఉంది. దోనె పాత చోటే ఉంది. దానికీ జేజి పొట్టకూ మధ్య జానెడు ఖాళీ. పిల్లి పడుకోలేదు గానీ పిల్లి పిల్ల పడుకోవచ్చు. జేజి తలెత్తి ముందు వరసలో నిలబడ్డ సోమక్కను చూసింది.

"రా సోమక్కా. చోటు శానా ఉండాది ఈడ, ఇద్దరం కూర్చోవచ్చు."

సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్లుగా దాచుకున్న మాట జేజి తిరిగి ఇచ్చేసిందని అందరికన్నా ముందు నవ్వింది ఆమే.

ఇరవై ఒక్క రోజులు మగ్గం ఆడింది. రెండు గంటలకొకసారి జేజి నాడె పక్కన పెట్టి, గట్టు మీదే కూర్చుని, చిన్న గిన్నెలోది నమిలి నమిలి తినేది. అంతసేపూ మగ్గం ఆగకూడదు కాబట్టి, ఎదురింటి నుంచి సోమక్క వచ్చి పక్కన వంగి ఒక చేత్తో నాలుగు పోగులు నడిపి పోయేది. ఈసారి ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. తినే టైమయినా మగ్గం చప్పుడు ఆగకపోతే వదినా, గిన్నె యాడ అని ఎదురింటి నుంచే అరిచేది. పూనకం నాడు పోసిన నీళ్ల బాకీకి ఇదొక కొత్త బాకీ అని ఒకరినొకరు ఎత్తిపొడుచుకునేవాళ్లు.

ఉగాదికి ముందురోజు పొద్దున చీర పూర్తయింది. పెద్ద ఈరన్న హారతి పళ్లెంతో వచ్చాడు. జేజి తన చేత్తోనే పోగులు కోసి, చీరను దోనె నుంచి విప్పి, మడిచి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి మొదటి మూర నుంచి చివరి మూర దాకా చూశాడు. యాడా చేయి మారిన గుర్తు లేదని, మగ్గం ఆగిన గుర్తు కూడా లేదని అందరూ వినేటట్టు చెప్పాడు. సోమక్క ఏదో అనబోయి, అంత మంచి చీర మీద మాటెందుకని మానుకుంది.

ఇక గుంతలో నుంచి లేవాలి. నాలుగేళ్ల కిందట నలుగురు లాగిన చోటు అది. ఓబులేసు అలవాటుగా వెనక నుంచి చేయి చాచాడు. జేజి రెండు అరచేతులూ గట్టు మీద ఆనించి, ఒక్క ఊపిరి తీసుకుని, కాళ్లు పైకి తీసుకుని లేచి నిలబడింది. ఎనభై ఒక్క కిలోల మనిషి, తనను తాను ఎత్తుకుంది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

ఓబులేసు చేయి ఇంకా గాలిలోనే ఉంది. జేజి ఆ చేతిలో ఖాళీ గిన్నె పెట్టింది.

"కడిగి పెట్టప్పా. గుడి నుంచి వచ్చేసరికి మూడో పూట అవుతాది."